రాత్రికి ఏం వండాలి, ఫ్రిజ్‌లో కుళ్లిపోయేవి ఎలా ఆపాలి? (ఐదుగురం, ఇద్దరం ఉద్యోగం)

మియాపూర్_ఇల్లు

అందరికీ నమస్తే. మొన్న ఆదివారం ఫ్రిజ్ శుభ్రం చేద్దామని కింది ట్రే బయటికి లాగాను. అడుగున కవర్లో కొత్తిమీర కట్ట నల్లగా జిగురైపోయి ఉంది, ముడి విప్పగానే ఆ నీళ్లు వేళ్ల మీదుగా కారాయి. పక్కన అర సొరకాయ, కోసిన వైపంతా బూజు. మూడు టమాటాలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పై అరలో వెనకాల స్టీలు గిన్నెలో గురువారం నాటి సాంబారు. అన్నీ కలిపితే ఒక పెద్ద కవర్ నిండింది. మా అత్తయ్య పక్కనే నిలబడి చూశారు, ఒక్క మాట కూడా అనలేదు. మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తీసే మనిషి ఆవిడ. నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు.

మా ఇంటి సంగతి చెప్తాను. నేను, మా వారు ఉద్యోగాలు, ఇల్లు చేరేసరికి 7:30. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. అత్తయ్యకు షుగర్. పోయిన నెల లెక్క రాసుకుంటే కిరాణా 9,500, కూరగాయలు పండ్లు 6,000, పాలు 3,700, ఇక పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లలో చిల్లర చిల్లరగా కొన్నవి 5,300. మొత్తం 24,500. బయటి నుంచి తెప్పించుకున్న భోజనాలు ఇంకో 4,000 వేరే. ఇంత పెట్టి కూడా రాత్రి ఏడున్నరకి వంటింట్లో నిలబడి "ఇప్పుడేం వండాలి" అనుకునే పరిస్థితి.

నాకు ఫ్యాన్సీ వంటలు వద్దు. అరగంటలో అయ్యే మామూలు రాత్రి భోజనం కావాలి, కొన్నవి పాడవకూడదు. మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పండి, ఎంత చిన్న విషయమైనా సరే.

కాకినాడ_అక్క

అమ్మా, ముందు నువ్వు బాధపడటం ఆపు, ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే. నేను ముప్పై ఏళ్లుగా వండుతున్నాను, నేను చేసేది ఒక్కటే చెప్తాను. సోమవారం ఇది, మంగళవారం అది అని ముందే రాసి పెట్టుకోను. తెచ్చిన కూరల్లో ఏది ముందు పాడవుతుందో దాన్ని ముందు వండేస్తాను. ఆదివారం పొద్దున సంచి తెస్తే ఆ రాత్రి, మర్నాడు ఆకుకూరలు అయిపోవాలి. తోటకూర, పాలకూర, మెంతికూర మూడో రోజుకి ఉండకూడదు. తర్వాత బెండకాయ, బీరకాయ, వంకాయ. వాటి తర్వాత దొండకాయ, క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్. శుక్ర, శనివారాలకి కంద, చేమదుంపలు, గుమ్మడికాయ ముక్క, బంగాళాదుంప. ఇవి వారం దాటినా ఏమీ కావు. మనం ఏం చేస్తామంటే ఆదివారం ఓపికగా ఉంటుంది కాబట్టి ఆలూ వేపుడు చేసుకుని తింటాం, పాలకూర "రేపు చేద్దాంలే" అని ట్రేలో పడేస్తాం. అక్కడే పోతుంది.

కొత్తిమీరకి వేర్లు కోసేసి, కడగకుండా, పొడి నూలు గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టు. కవర్లో పెడితే చెమ్మ పట్టి రెండ్రోజుల్లో నువ్వు చెప్పినట్టే అవుతుంది. పచ్చిమిర్చికి తొడిమలు తీసి డబ్బాలో వెయ్యి. ఈ రెండు పనులూ సంచి విప్పిన పది నిమిషాల్లో అయిపోతాయి, తర్వాత చేద్దామంటే చేయవు.

లెక్కల_మాస్టారు

ఒక వారం రోజులు చెత్తబుట్టలో ఏం పడుతోందో రాయండి. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి పెన్ను దారంతో కట్టండి. ఏ వస్తువు, ఎంత, ఎందుకు పారేశారు. మిగతా సలహాలన్నీ ఆ తర్వాతే పనికొస్తాయి, ఎందుకంటే ఒక్కో ఇంట్లో పోయేది ఒక్కో రకం.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వాళ్లు 2024లో ఇచ్చిన నివేదికలో మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతుందని అంచనా వేశారు. తొక్కలు, ఎముకల్లాంటి తినని భాగాలు కూడా అందులో కలిసే ఉంటాయి. మీ ఐదుగురికీ లెక్కేస్తే ఏడాదికి 275 కిలోలు, అంటే రోజుకి ముప్పావు కిలో. మీ ఇంట్లో అంతకంటే ఎక్కువో తక్కువో ఆ కాగితమే చెప్తుంది.

సీమ_పిల్ల

మా కడప వైపు రాత్రికి పులగం చేసుకుంటాం. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పొట్టు పెసరపప్పు, కొంచెం మిరియాలు, జీలకర్ర, ఉప్పు. కుక్కర్‌లో మూడు విజిల్స్. పక్కన చెనక్కాయల చట్నీ. అయిపోయింది. కూర అక్కర్లేదు. పాలకూర మిగిలిపోతుందనిపిస్తే తరిగి అందులోనే వేసేయండి, పిల్లలు గుర్తుపట్టరు కూడా.

నాన్న_వంట

మగవాడిగా చెప్తున్నాను, మా ఇంట్లో ఈ గొడవ తగ్గింది వంటకాలు మారినందుకు కాదండీ, పని మారినందుకు. ఇదివరకు నేను సాయంత్రం ఐదింటికి "ఇవాళ ఏంటి" అని మెసేజ్ పెట్టేవాణ్ణి. ఒక రోజు మా ఆవిడ "ఆ ప్రశ్న వింటేనే నాకు అలసట వస్తోంది" అంది. అప్పట్నుంచి సోమ, బుధ, శుక్రవారాలు రాత్రి వంట నాది. ఏం వండాలో ఆలోచించడం కూడా నాదే, ఫ్రిజ్ చూడటం కూడా నాదే. నాకు వచ్చినవి నాలుగే. పెసరట్టు, కోడిగుడ్డు పులుసు, టమాటా పప్పు, గోధుమ రవ్వ ఉప్మా. ఆ నాలుగే తిప్పి తిప్పి చేస్తాను. ఇంతవరకు ఎవరూ గోల చేయలేదు.

పెసరట్టు మీలాంటి వాళ్లకి చాలా బాగుంటుంది. పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు పెసలు నానబోయడం, రాత్రి వచ్చి అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బడం, వెంటనే పోసేయడం. దోసె పిండిలా పులియబెట్టే పని లేదు. మీ అత్తగారికి షుగర్ అన్నారు కదా, అన్నం బదులు అవి రెండు, పక్కన ఏదన్నా కూర పెట్టొచ్చు. మీ వారు ఈ థ్రెడ్ చూస్తున్నారా?

మియాపూర్_ఇల్లు

@నాన్న_వంట గారూ, చదివి వినిపించాను. మంగళ, గురువారాలు ఆయన తీసుకుంటానన్నారు. మీకు నిజంగా థాంక్స్.

@లెక్కల_మాస్టారు గారూ, వారం కాగితం పూర్తయింది. ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను. వండిన అన్నం ఐదు రోజుల్లో కలిపి 2 కిలోల పైన, అంటే బియ్యం లెక్కన 45 రూపాయలు. కొత్తిమీర, పాలకూర కట్టలు మూడు 45. బ్రెడ్ అర ప్యాకెట్ 25. కొన్న దోసె పిండి ప్యాకెట్ పులిసిపోయి 80. సాంబారు, రెండు రకాల కూరలు వండే ఖర్చుతో కలిపి 120. పెరుగు 40. నల్లబడిన అరటిపళ్లు నాలుగు 24. మొత్తం 379.

డబ్బు చూస్తే నెలకి 1,500 అంతే, నేను ఇంకా ఎక్కువ అనుకున్నాను. కానీ "ఎందుకు" అనే గడిలో రాసింది చదువుతుంటే నాకు అసలు విషయం అర్థమైంది. ఆ ఏడు రోజుల్లో మూడు రోజులు మేం బయటి నుంచి తెప్పించుకున్నాం. ఆ మూడు రోజుల కోసం పెట్టుకున్న కూరలే కుళ్లాయి, ఆ మూడు రోజుల అన్నమే ఎక్కువగా మిగిలింది. బుధవారం అయితే మధ్యాహ్నం అత్తయ్య అందరికీ కలిపి అన్నం, దొండకాయ కూర చేసి ఉంచారు, నేను అలసిపోయి వచ్చి ఆ సంగతి కనుక్కోకుండానే బిర్యానీ ఆర్డర్ చేశాను. పారేసిన 379 వెనకాల ఆర్డర్లకి పెట్టిన వెయ్యి ఉంది. అందుకే ఇవి రెండూ వేరువేరు సమస్యలు కావనిపిస్తోంది.

లెక్కల_మాస్టారు

అదేనండీ. ఇక వారానికి రెండు "ఓపిక లేని రాత్రులు" ఉంటాయని ముందే ఒప్పుకుని, ఆ రెండు రాత్రులకి కూరగాయలు కొనకండి. ఆ రాత్రులకి ఇంట్లో చెడిపోనివి ఉండాలి. అటుకులు, గోధుమ రవ్వ, కోడిగుడ్లు, కందిపొడి, నెయ్యి, అప్పడాలు, ఊరగాయ. వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి, పక్కన ఉల్లికారం వేసిన ఆమ్లెట్. పదిహేను నిమిషాలు. బిర్యానీ వచ్చేలోపు తినేయొచ్చు.

హనుమకొండ_ఇంటి_వంట

మాది గవర్నమెంట్ జీతం కాదు, చిన్న షాపు. మాకు 2025 ఏప్రిల్ నుంచి రేషన్ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయి, నలుగురికి 24 కిలోలు, బియ్యం కొనుడే బంద్ అయింది. కానీ ఒకటి. కొత్త బియ్యం అయితే అన్నం ముద్దయితది, పిల్లలు తినరు, అది గూడ వృథానే. నీళ్లు తగ్గించి పోయాలె. అట్లా ముద్దయిన రోజు నేను దాన్ని పారెయ్య, పెసరపప్పు ఉడికించి కలిపి మిరియాల పోపు పెట్టి పొంగలి లెక్క చేస్త.

ఇంకొకటి, పచ్చి పులుసు. రాత్రిపూట దీనంత తేలిక ఇంకోటి లేదు. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ సన్నగ తరిగి, ఎండుమిర్చి కాల్చి నలిపి, ఉప్పు, చిటికెడు చక్కెర, పైన జీలకర్ర పోపు. పులుసు మరిగించే పనే లేదు. ముద్దపప్పు ఉంటే చాలు, మా ఇంట్ల అందరు కడుపునిండ తింటరు. 2023 జులైల టమాటా కిలో 150 దాటింది యాదికుందా? ఆ నెలంత మేం టమాటా కొనలే. చింతపండుతోనే చారు, పచ్చి పులుసు, పప్పుల మామిడికాయ ఒరుగులు. అప్పుడు అలవాటైంది, ఇప్పటికీ టమాటా 60 దాటితే సంచిల వెయ్య.

గచ్చిబౌలి_01

నాకు ఈ థ్రెడ్ చదువుతుంటే భయమేస్తోంది. రోజంతా ఆఫీసులో ఎక్సెల్ షీట్లు, ఇంటికొచ్చి మళ్లీ చెత్తబుట్టకి లెక్కలా? పిల్లలకి నచ్చింది చేసి పెట్టాలి, రెండు కూరలు మిగిలితే మిగిలాయి. 379 రూపాయల కోసం ఇంత టెన్షన్ అవసరమా?

కాకినాడ_అక్క

@గచ్చిబౌలి_01 నీ మాట కొట్టిపారేయను బాబూ. జీవితాంతం రాయమని ఎవరూ అనట్లేదు, ఒక్క వారం. ఆ అమ్మాయికి అందులోనే తన బుధవారం కనపడింది కదా. పిల్లలకి నచ్చింది అంటావా, మా ఇంట్లో ముగ్గురు పిల్లలకి మూడు రకాలు చేసేదాన్ని ఒకప్పుడు. ముగ్గురూ సగం సగం వదిలేసేవాళ్లు. తర్వాత ఒకటే కూర చేసి, అది నచ్చని వాడికి పెరుగు, ఊరగాయ, పొడి పెట్టాను. ఎవరూ పస్తు పడుకోలేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టు. మా తమ్ముడు రైతు. పొలంలో కిలో టమాటా రెండు రూపాయలకి కూడా పోక రోడ్డు పక్కన పారబోసి వచ్చిన రోజు వాడు అన్నం తినలేదు. అది చూసినదాన్ని, నా ఫ్రిజ్‌లో టమాటా కుళ్లితే నాకు ప్రాణం ఒప్పదు.

గచ్చిబౌలి_01

సరే అక్కా, ఆ మాట మనసుకి తగిలింది. కాగితం నేను కూడా పెడతాను. ఒక్క వారమే.

డాలస్_లో_గోంగూర

మేం అమెరికాలో ఉంటాం కాబట్టి మా బాధ కొంచెం వేరు. ఇండియన్ స్టోర్‌కి వెళ్లేది రెండు మూడు వారాలకోసారి, వెళ్లినప్పుడల్లా కనపడినదల్లా బండిలో వేసేస్తాం. హోల్‌సేల్ స్టోర్‌లో పాలకూర ఇంత పెద్ద డబ్బా తప్ప చిన్నది దొరకదు. ముగ్గురికి అది ఎప్పటికవుతుంది? ఇప్పుడు తెచ్చిన రోజే సగం వేడినీళ్లలో ఒక్క నిమిషం వేసి తీసి, పిండి, మఫిన్ల ట్రే గుంతల్లో పెట్టి గడ్డ కట్టిస్తాను. రాత్రి పప్పు ఉడుకుతుంటే రెండు ముద్దలు అందులో వేస్తే పాలకూర పప్పు. కరివేపాకు కడిగి బాగా ఆరబెట్టి, జిప్ కవర్లో ఫ్రీజర్‌లో. తీసి నేరుగా నూనెలో వేయాలి, కరగనిస్తే నల్లబడుతుంది. కొబ్బరి తురుము, చింతపండు గుజ్జు కూడా అంతే. గోంగూర మాత్రం ఎండాకాలంలో పెరట్లో వేసుకుంటాం, టెక్సాస్ ఎండకి బాగా వస్తుంది, కోసినంతా ఉప్పు, నూనెలో మగ్గించి సీసాల్లో ఫ్రీజర్‌లో పెడితే సంక్రాంతి దాకా సరిపోతుంది.

ఇంకో అలవాటు మానుకున్నాం. ప్యాకెట్ మీద తేదీ దాటిందని వెంటనే పారేసేవాళ్లం. ఇక్కడ పసిపిల్లల ఫార్ములాకి తప్ప మిగతా వాటికి ఆ తేదీ వేయాలని ఫెడరల్ చట్టం ఏమీ లేదు, చాలా వాటి మీద అది రుచి, నాణ్యత బాగుండే కాలానికి కంపెనీ వేసే అంచనా మాత్రమే. పప్పులు, రవ్వ, పిండి పురుగు, ముక్క వాసన లేకుండా ఉంటే వాడేస్తాం. వండిన మిగులుకి మాత్రం ఖచ్చితంగా ఉంటాం. ఇక్కడి వ్యవసాయ శాఖ వాళ్లు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు అంటారు, మేం డబ్బా మీద టేపు ముక్క అంటించి వండిన రోజు రాస్తాం. వెనకాల దాక్కున్న సాంబారు గిన్నెలు ఆ రోజు నుంచి మా ఇంట్లో లేవు.

మియాపూర్_ఇల్లు

టేపు ముక్క ఐడియా ఇవాళే మొదలుపెడతాను. ఒక సందేహం. మిగిలిన అన్నం రాత్రంతా గిన్నెలోనే ఉంచి పొద్దున పులిహోర చేసేదాన్ని. మొన్న ఎవరో అది మంచిది కాదన్నారు. మరి మన చద్దన్నం సంగతి?

ల్యాబ్_కోటు

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి దీనికి నేను చెప్తాను. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి, ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే "బాగా వేయించాం కదా" అనుకోవడానికి లేదు. మన ఎండాకాలంలో మరీ జాగ్రత్త. రాత్రి భోజనాలవగానే, గంట రెండు గంటలలోపు, మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి వేడి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. లోతు గిన్నెలో కుక్కి పెడితే మధ్యలో వేడి చాలాసేపు ఉండిపోతుంది. మర్నాడు వాడేయండి, ఒక్కసారే వేడి చేయండి.

చద్దన్నం అంటే నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టేది. పులిసేకొద్దీ పులుపు పెరిగి చాలా రకాల బ్యాక్టీరియాకి అది గిట్టదు. ఊరికే గిన్నెలో వదిలేసిన అన్నం, ఇదీ ఒకటి కావు. అయినా మా ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారని అన్నంలో గోరువెచ్చని పాలు పోసి తోడు వేసి, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తింటాం. నా ఉద్దేశంలో ఇంటిల్లిపాదికీ ఇదే మేలు.

అన్నింటికంటే మంచిది అంత మిగలకుండా వండటం. ఐదుగురికి మీరు ఎన్ని గ్లాసులు పోస్తున్నారు?

మియాపూర్_ఇల్లు

మూడు గ్లాసులు. చేతి అలవాటు. అత్తయ్యకి రాత్రి అన్నం మానిపించి రెండేళ్లవుతోంది, పాప ట్యూషన్ నుంచి వచ్చి ఏదో ఒకటి తినేసి ఉంటుంది. అయినా ఐదుగురి లెక్కే పోస్తున్నాను. మీరు అడిగాక ఇప్పుడు తట్టింది. ఇవాళ రెండు పోశాను.

పెనమలూరు_కోడలు

మా అత్తగారు ఫ్రిజ్‌లో పెట్టినది ముట్టరు. "నిల్వ కూడు నాకు పెట్టకు" అంటారు. మీ అత్తగారు కూడా అలాగే అయితే ఆవిడతో వాదించకండి. మిగులు వాడే దారి వెతకడం కంటే మిగలనివ్వకపోవడమే అలాంటి ఇళ్లలో కుదురుతుంది. మేం ఏం చేశామంటే పప్పు ఒక్కటీ ఉప్పు, పసుపు కూడా వేయకుండా ఉడికించి ఉంచుతాం. పొద్దున ఉడికించిన కందిపప్పులో సగం మధ్యాహ్నం బీరకాయ పప్పు, మిగతా సగం అలాగే ఫ్రిజ్‌లో. రాత్రికి దాన్ని పప్పుచారు కాస్తాం. అప్పటికప్పుడు చింతపులుసు, మునక్కాడలు, ఇంగువ తాలింపు పడేసరికి అది ఆవిడ దృష్టిలో వేడి వేడి వంటే. సంతోషంగా తింటారు.

ఇంకోటి, ఎంగిలి. గిన్నెలో మిగిలినది రేపటికైనా వస్తుంది, కంచంలో వదిలేసింది ఎవరికీ పనికిరాదు. అందుకని పిల్లలకి మొదటి వడ్డన చిన్న గరిటెతో. మారు అడిగినన్నిసార్లు వేస్తాం. మా బాబు చిన్న గరిటెతో మూడుసార్లు వేయించుకుంటాడు, కంచం మాత్రం శుభ్రంగా ఖాళీ అవుతుంది.

తొక్కలు కూడా చూసుకోండి. బీరకాయ తొక్కు పచ్చడి అందరికీ తెలుసు, సొరకాయ తొక్కుతో కూడా అంతే రుచిగా వస్తుంది, లేతగా ఉండాలి. కొత్తిమీర కాడలు చారులో. ముల్లంగి ఆకు పప్పులో. పుచ్చకాయ ఎర్రగుజ్జు తిన్నాక ఉండే తెల్ల భాగం పెసరపప్పు వేసి సొరకాయ కూరలాగే వండొచ్చు. పులిసిన పెరుగైతే పారేయనే వద్దు, మజ్జిగ పులుసుకి పుల్లపెరుగే కావాలి. పులిసిన దోసె పిండిలో కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి గుంత పొంగనాలు వేస్తే పిల్లలు ఎగబడతారు.

సీతమ్మధార_రైతుబజార్

కొనడం గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. రైతు బజార్లు 1999లో మొదలైనప్పటి నుంచి నేను అక్కడే కొంటున్నాను. ఆ రోజు రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, ముందు బోర్డు చదివి తర్వాత సంచి తీయండి. ఏది చవగ్గా ఉందో అదే ఆ వారం వంట. వంకాయ చవకైతే వంకాయ రెండుసార్లు, ఏం పోయింది, ఒకసారి గుత్తి వంకాయ, ఒకసారి వంకాయ పచ్చడి. ఇంట్లో రాసుకున్న చీటీ పట్టుకుని వెళ్లి క్యాప్సికం 100 ఉన్నా కొనుక్కొచ్చేవాళ్లని చూస్తుంటాను.

రాత్రి సంత ఎత్తేసే వేళకి చవగ్గా ఇస్తారు. కానీ ఆ సరుకు పొద్దుటి నుంచి ఎండలో ఉన్నది, మర్నాటికి వాడేసేట్టయితేనే తీసుకోండి. కిలో కొంటే కిలోన్నర ఇస్తానంటే కూడా అంతే. అరకిలోయే కావాలని గట్టిగా అడగండి, ఇస్తారు. మీ ఇద్దరికీ కుదిరితే వారానికి ఒకసారి పెద్ద సంచి బదులు ఆదివారం, బుధవారం రెండు చిన్న సంచులు. నాకు తెలిసి దీన్ని మించిన ఉపాయం లేదు.

యాప్ సంగతి. అందులో డెలివరీ చార్జీ తప్పించుకోవాలని ఇంకో రెండు వస్తువులు వేస్తాం చూశారూ, మీ 5,300లో అవి ఎన్నో ఒకసారి పాత ఆర్డర్లు తీసి చూడండి.

మియాపూర్_ఇల్లు

చూశానండీ. కొత్తిమీర కోసం యాప్ తెరిచిన రోజు చిప్స్, ఐస్‌క్రీమ్, ఇంకో బ్రెడ్ ప్యాకెట్. బ్రెడ్ ఇంట్లో అప్పటికే ఉంది. ఇలాంటివి పదకొండు ఆర్డర్లు.

నల్లకుంట_నుంచి

ఒక మాట చెప్పాలి, ఎవరినీ నొప్పించాలని కాదు. మిగిలిందంతా పనిచేసే అమ్మాయికి ఇచ్చేస్తే వృథా కాదు కదా అని చాలామంది అంటుంటారు. మూడు రోజుల నాటి కూర, మనం తినమని పక్కన పెట్టింది ఆవిడ పిల్లలకి ఎందుకు పెట్టాలి? ఇవ్వాలనుకుంటే వండిన పూటే, మనం తినేముందే తీసి, శుభ్రమైన డబ్బాలో ఇవ్వండి, కావాలా అని అడిగి ఇవ్వండి. మా అమ్మ ఇళ్లలో పనిచేసి మమ్మల్ని చదివించింది. ఆ డబ్బాలు విప్పినప్పుడు వచ్చే వాసన నాకు ఇంకా గుర్తుంది.

పెనమలూరు_కోడలు

మీరు ఇది ఇక్కడ రాసినందుకు నమస్కారం అండి. నేను నా పద్ధతి మార్చుకుంటాను.

కాకినాడ_అక్క

నిజం తల్లీ. వండిన పూటే.

గచ్చిబౌలి_01

వారం అయింది. నాది బ్యాచిలర్ ఫ్లాట్, ముగ్గురం. మాకు పోయేది కూరగాయలు కాదు, పాలు. ముగ్గురూ ఎవరికి వాళ్లే ప్యాకెట్లు తెస్తున్నాం. వాట్సాప్ గ్రూపులో "పాలు తెచ్చా" అని ఒక మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాం. విరిగిన పాలని ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా?

సీమ_పిల్ల

కాచేటప్పుడు విరిగినవైతే, చేదు, చెడు వాసన లేకపోతే, చక్కెర వేసి దగ్గర పడేదాకా కాచండి, కోవాలా అవుతుంది. లేదా వడగట్టి కోడిగుడ్డు పొరటు చేసినట్టే ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేయించండి. వాసన తేడాగా ఉంటే మాత్రం పారబోసేయండి, ఆలోచించొద్దు.

మియాపూర్_ఇల్లు

ఐదు వారాలైంది, చెప్పకుండా ఉండలేక వచ్చాను. ఈ నెల లెక్క: కిరాణా 9,000, కూరగాయలు పండ్లు 5,100, పాలు 3,700, యాప్ 1,400. మొత్తం 19,200. బయటి భోజనం 4,000 నుంచి 1,600కి వచ్చింది. ఆ 1,600లో బాబు పుట్టినరోజు బిర్యానీ కూడా ఉంది, అది మాత్రం ఇష్టంగా తెప్పించుకున్నాం.

ఇప్పుడు రాత్రుళ్లు ఇలా జరుగుతున్నాయి. ఆదివారం, బుధవారం మా వారు మియాపూర్ సంతకి వెళ్లి చిన్న సంచి తెస్తారు. తెచ్చిన రాత్రి ఆకుకూర పప్పు. సోమవారం బెండకాయో బీరకాయో. మంగళవారం, గురువారం ఆయన వంట, ఇప్పటికి పెసరట్టు, ఉప్మా, ఎగ్ పులుసు వచ్చాయి. పోయిన గురువారం పెసరట్టు మొదటిది పెనానికి అతుక్కుపోయింది, ఉల్లిపాయ సగం కోసి నూనెలో ముంచి పెనం మీద రుద్దమని అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చెప్తుంటే ఈయన రుద్దుతున్నారు, రెండోది అంచులు లేచి వచ్చింది. అత్తయ్య అలా నవ్వడం చూసి చాలా రోజులైంది. శుక్రవారం ఓపిక లేని రాత్రి, కందిపొడి, ఆమ్లెట్. శనివారం మిగిలిన ముక్కలన్నీ వేసి పప్పుచారు, అప్పడాలు. ఇందులో పుస్తకంలో పెట్టాల్సిన వంట ఒక్కటీ లేదు.

కుదరనిది కూడా చెప్తాను. పాప టిఫిన్ బాక్స్ ఇంకా సగం వెనక్కి వస్తోంది. చిన్న గరిటె ఉపాయం బడిలో పనిచేయదు కదా. నెమ్మదిగా అడిగితే పావుగంటే బ్రేక్ ఇస్తారంట, తినడానికి టైం చాలట్లేదంది. ఇన్నాళ్లూ నేను రుచి గురించే తిడుతూ వచ్చాను.

నాన్న_వంట

పావుగంటలో అన్నం, కూర కలుపుకుని తినడం కష్టమేనండీ. కలిపి పెట్టండి. నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, చపాతీలో కూర చుట్టి రెండు ముక్కలు. చెంచాతోనో చేత్తోనో వెంటనే తినేట్టు ఉండాలి. ముందు ఇప్పుడు పెట్టేదాంట్లో మూడొంతులే పెట్టి చూడండి.

మియాపూర్_ఇల్లు

రేపు నిమ్మకాయ పులిహోర పెడతాను. నిమ్మకాయలు రెండున్నాయి, ఒకటి ఇప్పటికే పసుపు తిరిగి మెత్తబడుతోంది. దాన్నే ముందు పిండుతాను.